పొగ పరీక్ష ఎవరి మేలుకు?

కూరగాయలను అంగడికి చేర్చు డీజిలు బండికి పొగ పరీక్ష యనగానే పలువురు రైతులు అది పోలీసుల కొరకని తలచుచున్నారు. పరీక్ష లేకయే పత్రము దొరికిన చాలునని కొందరి ఆశ. ఇది సరికాదు. నల్లని పొగ యనగా పూర్తిగా కాలని డీజిలు. అది రైతు సొమ్ము. దానిని ముందుగా పీల్చువారును బండిలోనివారే. డీజిలు పొగ క్యాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2012లో ప్రకటించినది.

భారత్ స్టేజి 4 బండ్ల పొగ 50 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు, అంతకు పూర్వపు బండ్లది 65 యూనిట్లు మించరాదు. గాలి ఫిల్టరు శుభ్రపరచి, ఇంజెక్టర్లను మెకానిక్కుకు చూపి, ఇంజను బాగుగా వేడెక్కిన పిదప పరీక్షకు నిలుపవలెను. పరీక్షనాడు డీజిలు తగ్గించి, మరునాడు పెంచుట తన్ను తాను మోసగించుకొనుటయే. పత్రము తనిఖీదారునకు; శుభ్రమైన ఇంజను మనకు.