పదిహేను కిలోల బార్

మా బడి వెనక షెడ్డుకి ఏడో తరగతి పిల్ల ఒకతి రోజూ ఆరింటికల్లా వస్తుంది. నున్నగా చెక్కిన వెదురు కర్ర తీసుకుని నేల మీంచి తలపైకి లేపుతుంది. మూడు నెలలుగా ఇదే పని. కర్ర మోకాలి కింద ఎముకను రాసుకుంటూ పైకి రావాలి. రెండంగుళాలు ముందుకు జరిగితే ఆపించి, మళ్లీ లేపమంటాను. బొటనవేలిని మిగతా వేళ్ల కింద నొక్కిపెట్టి పట్టుకోవడం నేర్పిన రోజున మాత్రం, "నొప్పెడతంది మేడమ్" అంది. ఈ పట్టు నేర్చుకున్న ప్రతివాళ్లకీ నొప్పెట్టింది. కొన్నాళ్లకి వేలు అలవాటు పడుతుంది. ఆ తర్వాత వేరేలా పట్టుకోమన్నా చెయ్యి ఒప్పుకోదు.

చెయ్యి ఒప్పుకోకపోవడం ఎంత మంచిదో అంత ప్రమాదం. అది నా ఒంటి మీద తెలుసుకున్నాను.

ఇంటర్ చదివే రోజుల్లో నేనూ వెయిట్ లిఫ్టింగ్ మొదలుపెట్టాను. నేర్పిన మాస్టారు మధ్యలో బదిలీ మీద వెళ్లిపోయారు. ఆ స్థానంలోకి ఎవరూ రాలేదు. నలుగురం ఆడపిల్లలం మానకుండా రెండేళ్లు మాకు మేమే సాధన చేశాం. పండగలకీ వెళ్లాం, పరీక్షల రోజుల్లోనూ వెళ్లాం. రాష్ట్రస్థాయి పోటీల్లో, బరువును భుజాల మీదికీ అక్కణ్నుంచి తలపైకీ లేపే క్లీన్ అండ్ జెర్క్‌లో బరువు తలపైన నిలబెట్టి సంతోషంగా ఎదురుగా చూశాను. న్యాయనిర్ణేతలవి మూడూ ఎర్ర లైట్లే. నా ఎడమ మోచెయ్యి బరువు కింద కొంచెం వంగి, తర్వాత సాగుతోందట. అలా సాగదీస్తే ఆ లిఫ్ట్ చెల్లదు. మిగతా రెండు ప్రయత్నాలూ అలాగే పోయాయి. ఆ తర్వాత ఏడాదిపాటు దిద్దుకోవాలని చూశాను. కుదరలేదు. రెండేళ్లపాటు చెమటోడ్చి నేను గట్టిపరుచుకున్నది ఆ తప్పునే.

అందుకే "పట్టుదల ఉంటే చాలు" అని పిల్లలకు చెప్పే ఉపన్యాసాలు వింటే నాకు బాధేస్తుంది. పదివేల గంటలు సాధన చేస్తే ఎవరైనా నిపుణులవుతారన్న మాట కూడా అలాంటిదే. 2008లో మాల్కమ్ గ్లాడ్‌వెల్ పుస్తకంతో ఆ అంకె ఊరూరా తిరిగింది. దానికి మూలం 1993లో బెర్లిన్ వయొలిన్ విద్యార్థుల మీద ఆండర్స్ ఎరిక్సన్ బృందం చేసిన పరిశోధన. గంటలు లెక్కపెట్టి గురువుని మరిచిపోయారని ఎరిక్సనే తర్వాత అభ్యంతరం చెప్పాడు. తప్పు జరిగిన క్షణంలోనే దాన్ని పట్టుకునే కన్ను పక్కన లేకపోతే ఆ గంటలు ఎందుకూ కొరగావు.

కరణం మల్లీశ్వరి సంగతి చూడండి. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట ఆమెది. 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో 69 కిలోల విభాగంలో, ఒక్క ఊపున తలపైకెత్తే స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారత మహిళ. ఆమె కష్టం చిన్నదని ఎవరంటారు? కానీ ఒలింపిక్స్‌లో మహిళల వెయిట్ లిఫ్టింగ్ పెట్టిందే ఆ ఏడాది. మహిళల ప్రపంచ పోటీలు మొదలైంది 1987లో, అప్పటికి ఆమెకు పన్నెండేళ్లు. ఇంట్లో అక్క బరువులెత్తేది, నేర్పడానికి నీలంశెట్టి అప్పన్న గారు అందుబాటులో ఉన్నారు. అదే బలంతో, అదే పట్టుదలతో పదిహేనేళ్లు ముందు పుట్టిన ఆడపిల్ల ఏమై ఉండేది? బహుశా పొలం గట్టు మీద వరిమోపు ఎత్తి ఉండేది.

విజయనగరం జిల్లా నెల్లిమర్ల మండలంలో వెయిట్ లిఫ్టర్ల ఊరు కొండవెలగాడ గురించి అడిగితే, ఆ ఊరి నీళ్లలోనే ఏదో ఉందంటారు మావాళ్లు. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో 188 కిలోలెత్తిన మత్స సంతోషిది ఆ ఊరే. మొదట కాంస్యం ఇచ్చారు, గెలిచిన అమ్మాయి డోపింగ్‌లో దొరకడంతో అది రజతమైంది. నీళ్ల మహిమ అంటే నేను నమ్మను. అలాంటి ఊళ్లో పిల్లలు బార్ ముట్టుకునేలోపే అక్కల, అన్నల లిఫ్టులు వందలసార్లు చూసేసి ఉంటారు. ఏది సరైనదో కంటికి తెలిసిపోతుంది. పక్కవాడి మోచెయ్యి వంగితే పదేళ్ల పిల్ల కూడా అరుస్తుంది. నాకు ఆ రెండేళ్లలో కరువైంది ఆ అరుపే.

పతకం తెచ్చినవాళ్లకు కోట్లిచ్చినా, ఇళ్ల స్థలాలిచ్చినా నాకు సంతోషమే. వాళ్ల కష్టానికి అది తక్కువే. నా వేడుకోలు పతకానికి పదేళ్ల ముందు సంగతి గురించి. పిల్లల్ని పట్టించుకునే కోచ్‌ని కనీసం ఆరేడేళ్లు ఒకే చోట ఉంచండి. పిల్లల చేతికి సరిపడే సామాను ఇవ్వండి. మా షెడ్డులో ఉన్నది మగవాళ్ల బార్ ఒక్కటే. ఇరవై కిలోలు, మందం 28 మిల్లీమీటర్లు. ఆడపిల్లల బార్ పదిహేను కిలోలు, 25 మిల్లీమీటర్లు. మూడు మిల్లీమీటర్లకి ఇంత రాద్ధాంతమా అని ఒక పెద్దాయన నన్ను అడిగారు. ఆయనకి జవాబు చెప్పలేక కాదు, చెయ్యి చూపిస్తే తప్ప అర్థం కాదు.

మొన్న పొద్దున ఆ పిల్ల, "ఇనప బార్ పట్టుకుంటాను మేడమ్" అంది. సరేనన్నాను. వంగి, బొటనవేలిని బార్ చుట్టూ తిప్పింది. వేలి కొన మధ్యవేలి కిందికి రాలేదు. నొక్కి చూసింది, రాలేదు. మెల్లగా నాలుగు వేళ్లతోనే పట్టు బిగించబోయింది. ఆపేసి, మళ్లీ కర్ర చేతికిచ్చాను.