దొరవారిసత్రంలో దిగండి

పోయిన మార్గశిరంలో నా పూర్వవిద్యార్థి ఒకడు హైదరాబాదు నుండి ఫోను చేశాడు. "అయ్యవారూ, సంక్రాంతికి అయిదు రోజులు సెలవు దొరికింది. పిల్లలకు మన వైపు పాత గుళ్ళూ కోటలూ చూపించాలని ఉంది. తిరుపతిలో గది తీసుకోమంటారా, చెన్నపట్నంలోనా?" అని అడిగాడు.

"రెండూ వద్దు నాయనా, దొరవారిసత్రంలో దిగు" అన్నాను.

అవతల కొంతసేపు మాట లేదు. తరువాత మెల్లగా, "అక్కడ ఏముందండీ?" అన్నాడు. వాడు పుట్టినది ఆ ఊరికి నాలుగు క్రోసుల లోపలనే!

వాడికి ఫోనులో చెప్పినది కొంత, చెప్పలేకపోయినది కొంత, మిత్రులతో పంచుకుందామని ఈ టపా.

ఎరుగనివారికి రెండు మాటలు. నెల్లూరు నుండి చెన్నపట్నం పోయే రైలు దారిలో నాయుడుపేటకూ సూళ్ళూరుపేటకూ నడుమ వచ్చే చిన్న స్టేషను దొరవారిసత్రం. ప్యాసింజరు బండ్లు ఆగుతవి, పెద్ద బండ్లు ఈల వేసి పోతవి. పదహారవ నంబరు జాతీయ రహదారి ఊరి పక్కనే పోతుంది. తూర్పున పులికాటు సరస్సు. మొన్నమొన్నటి వరకు నెల్లూరు జిల్లా, 2022 ఏప్రిల్ నుండి తిరుపతి జిల్లా. నా వంటి వాళ్ళ నోట ఇంకా నెల్లూరు అనే వస్తున్నది, మన్నించాలి.

ఊరి పేరులో దొరవారికంటె సత్రమే నాకు ముఖ్యం. రైలు లేని కాలంలో ఈ బాటసారులకు సత్రమూ, మంచినీటి బావీ, నాలుగు అంగళ్ళూ ఉన్న చోటే మజిలీ. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న చెన్నపట్నం నుండి కాశికి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. వారి కాశీయాత్ర చరిత్ర చదివినవారికి తెలుసు, ఏ మజిలీలో నీరు మంచిది, ఎక్కడ సరకులు దొరుకుతవి, ఎక్కడ సత్రం వసతిగా ఉన్నది అన్న సంగతులను ఆయన ఎంత శ్రద్ధగా వ్రాసుకున్నారో. బస ఎంపిక ఆయనకు యాత్రలో ఒక భాగం. మనకు అది గది అద్దె, వేడినీళ్ళు, కారు నిలిపే చోటు. బస తప్పితే చూపు కూడా తప్పుతుందన్నది నా అభిప్రాయం.

ఎలాగంటారా? మన చిన్న గుళ్ళ సంగతి తీసుకోండి. ఉదయం తెరుస్తారు, మధ్యాహ్నానికి మూసివేస్తారు, మళ్ళీ సాయంత్రమే తెరవడం. చెన్నపట్నంలో ఫలహారం ముగించుకొని బయలుదేరినవాడు గుడి చేరేసరికి అర్చకులు భోజనానికి వెళ్ళి ఉంటారు. తాళం వేసిన తలుపు ముందు నాలుగు ఛాయాచిత్రాలు తీసుకొని, "అక్కడ ఏమీ లేదండీ" అని తిరిగి వస్తాడు. దగ్గర బస ఉన్నవాడు ముందురోజు సాయంత్రమే కబురు పంపవచ్చు. తలుపు తీయించుకోవచ్చు. తీసినవారితో ఒక గంట మాట్లాడవచ్చు. పల్లెబస వలన కలిగే మొదటి లాభం ఇది.

రెండవ లాభం ఇంకా పెద్దది. పెద్ద ఊరిలో దిగితే ఆ ఊరి చరిత్రే మనకు చరిత్ర అవుతుంది. మధ్యలో ఉన్న చిన్న ఊరిలో దిగితే నాలుగు దిక్కుల చరిత్రా ఒకదానితో ఒకటి మాట్లాడుతుంది. దొరవారిసత్రం నుండి మూడు దిక్కులకు మూడు రోజులు వెళ్ళి రండి, నేను చెప్పేది తెలుస్తుంది.

మొదటి రోజు దక్షిణానికి, పళవేర్కాడుకు. మన పెద్దలు ప్రళయకావేరి అన్న పట్టణం అదే. డచ్చివారు 1613లో అక్కడ గెల్డ్రియా కోట కట్టారు. దానిని 1806లో ఇంగ్లీషువారు పడగొట్టారు. ఇప్పుడు కందకమూ, పొదలూ మిగిలినవి. డచ్చివారి శ్మశానవాటిక మాత్రం చెక్కుచెదరలేదు. ద్వారం దగ్గర అస్థిపంజరాల శిల్పాలు, లోపల వారి భాషలో చెక్కిన సమాధి ఫలకాలు. తమ ఊళ్ళకు వేల మైళ్ళ దూరంలో, ఈ ఉప్పుగాలిలో, బట్టల బేరానికి వచ్చి మట్టిలో కలిసినవారు.

రెండవ రోజు ఉత్తరానికి, దుగరాజపట్నానికి. డచ్చివారి పక్కన పళవేర్కాడులో నిలువలేకపోయిన ఇంగ్లీషువారు 1626లో ఇక్కడికి వచ్చి, కొఠీ పెట్టి, ఫిరంగులు నిలిపారు. ఆరుముగ మొదలి అనే స్థానికుడు సహాయం చేసినందున దీనిని ఆర్మగాం అన్నారని చెబుతారు. కోటగోడల కోసం వెదకకండి. ఇసుకా, సముద్రమూ, ఆ పాతపేరును నేటికీ మోస్తున్న దీపస్తంభమూ ఉన్నవి. ఇక్కడి కొఠీకి పెద్దగా ఉన్న ఫ్రాన్సిస్ డే అనే ఉద్యోగి ఈ రేవు గిట్టుబాటు కాదని దక్షిణాన మరొక చోటు వెదికాడు. 1639లో దామెర్ల వేంకటాద్రి నాయకుని వద్ద ఆ చోటు సంపాదించాడు. అదే చెన్నపట్నం.

మూడవ రోజు పడమటికి, చంద్రగిరికి. ఇది కొంచెం దూరం, తెల్లవారకముందే బయలుదేరాలి. శుక్రవారం అక్కడి ప్రదర్శనశాలకు సెలవు. నాయకుల మీద రాయలుగా ఉన్న ఆరవీటివారి కోట అది. చెన్నపట్నపు దత్తం అక్కడి రాజమహలులోనే జరిగిందని జనశ్రుతి. దానిని 1645లో శ్రీరంగరాయలు ధ్రువీకరించాడు.

ఈ మూడు చోట్లా చూసినవాడికి చెన్నపట్నం ఎందుకు పుట్టిందో ఒకరు చెప్పనక్కరలేదు. తెలుగు చదువుకున్నవారికి ఇంకొక సంతోషం కూడా ఉన్నది. దామెర్ల వంశానికే చెందిన అంకభూపాలుడు తన ఉషాపరిణయంలో, ప్రళయకావేరికీ మైలాపురానికీ నడుమ కలహం మాన్పడానికి అయ్యప్ప తన తండ్రి చెన్నప్ప పేరిట పట్టణం నిలిపాడని చెప్పుకున్నాడు. కలహించినవారెవరు? ఇటు డచ్చివారు, అటు పోర్చుగీసువారు. ఆ పద్యానికి తాత్పర్యం నేను ఎన్నోసార్లు చెప్పాను. పళవేర్కాడు కందకం ఒడ్డున నిలబడిన నాడు గాని నాకు తాత్పర్యం తెలియలేదు.

ఇక మల్లాం. నాయుడుపేట దాటి తూర్పుగా పోతే సుబ్రహ్మణ్యేశ్వరుని గుడి. అక్కడ పల్లవరాజు కంపవర్మ ఇరవయ్యవ పాలనాసంవత్సరపు శాసనమున్నది, తొమ్మిదవ శతాబ్దం నాటిది. ఒక భక్తుడు తన శరీరం నుండి తొమ్మిది చోట్ల మాంసం కోసి, చివరకు తలను కూడా తానే నరుక్కొని అమ్మవారికి అర్పించగా, ఊరివారు భూమి ఇచ్చారని అందులో ఉన్నది. శాసనం అరవంలో ఉన్నది. ఈ నేల ఒకే భాషది అనుకునేవారు ఒకసారి మల్లాం వెళ్ళి రావడం మంచిది.

శ్రీకాళహస్తి అందరూ చూసేదే. 1516లో కృష్ణదేవరాయలు నిలిపిన గాలిగోపురం 2010 మే 26న కూలిపోయి, తరువాత మళ్ళీ లేచింది. కాని కాళహస్తి దాకా వెళ్ళినవారిలో గుడిమల్లం దాకా వెళ్ళేవారు ఎందరు? క్రీస్తుకు పూర్వపు లింగం అది. అయిదడుగుల రాతిలింగం మీద, యక్షుని భుజాలపై నిలబడిన శివుడు, చేత పొట్టేలు, భుజాన గొడ్డలి, ఒంటిమీద జందెం లేదు. టి.ఎ. గోపీనాథరావుగారు ఇరవయ్యవ శతాబ్దపు ఆరంభంలో దానిని లోకానికి పరిచయం చేశారు. తిరుపతిలో దిగినవారికి కూడా అది దగ్గరే. అయినా తిరుపతిలో దిగినవాడి మనసు కొండమీద ఉంటుంది. అది తప్పు కాదు, కాని గుడిమల్లానికి సమయం మిగలదు.

పైగా సాయంకాలాలు. చీకటి పడకముందే బసకు తిరిగి రావాలన్నది నా నియమం, రోజుకు ఒకటే చోటు అన్నది రెండవ నియమం. మన ఊరి పక్కనే నేలపట్టు. చెరువులో నిలిచిన చెట్ల మీద గూడబాతులు పిల్లలను సాకుతుంటవి. ఆ పక్షులు వస్తే ఊరికి మేలని అక్కడివారు తరాలుగా వాటిని కాపాడుతున్నారు. 1976లో అది రక్షితకేంద్రం కాకముందు నుంచీ వాటికి రక్ష ఆ ఊరివారే. పొద్దు వాలేవేళ ఆ గట్టు మీద కూర్చొని పగలు చూసినదాన్ని నెమరు వేసుకోవడానికి ఏ పట్టణంలో వీలవుతుంది?

ఇంతకూ నా శిష్యుడు వచ్చాడా? వచ్చాడు. దాచకుండా చెబుతాను, అంతా సవ్యంగా జరగలేదు. దొరవారిసత్రంలో చెప్పుకోదగ్గ లాడ్జీ లేదు. మా ఇంటి వెనుక పోర్షను సున్నం వేయించి ఇచ్చాను. రెండవ రాత్రి కరెంటు పోయింది, దోమలు చంపుకు తిన్నవి. ఆ అమ్మాయి, అంటే వాడి భార్య, పెద్దదాన్నని నా ఇల్లాలి మొహం చూసి ఊరుకుంది గాని, నాలుగవ రాత్రి కాళహస్తిలో గది తీసుకున్నారు. నేను ఏమీ అనలేదు. బాత్రూము సరిగా లేని చోట చరిత్ర చెప్పడం నాకూ చేతకాదు. కాబట్టి అన్నివిధాలా వసతి కోరేవారు నాయుడుపేటలోనో సూళ్ళూరుపేటలోనో దిగి, నా రెండు నియమాలూ పాటిస్తే చాలు. కార్తీకమాసపు వానలలో, తుఫానులలో మాత్రం రావద్దు. పుష్యమాఘాలు మేలు.

ఇప్పుడు ఫోనులో చెప్పలేకపోయినది. వాడు తొమ్మిదవ తరగతిలో ఉన్నప్పుడు విహారయాత్రకు డబ్బు కట్టలేక ఆగిపోయాడు. ముప్పయి ఏళ్ళకు పైగా నేను పిల్లలను మహాబలిపురానికీ, చెన్నపట్నపు జంతుప్రదర్శనశాలకూ తీసుకుపోయినవాణ్ణి. ఆ రోజు వాడు, "మన దగ్గర చూసేటివి ఏమీ లేవా అయ్యవారూ?" అని అడిగాడు. దగ్గరైతే తానూ రాగలడని వాడి ఆశ. "పెద్దగా ఏమీ లేవురా" అన్నాను. సైకిలు మీద పోయి రాగల దూరంలో మల్లాం శాసనం ఉన్నది. నేను విద్వాన్ పట్టా పుచ్చుకున్నవాణ్ణి. నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా అనుకోలేదు.

"అక్కడ ఏముందండీ?" అని వాడు ఫోనులో అడిగినప్పుడు అది నా మాటే, నా దగ్గరకు తిరిగి వచ్చింది. ఒక ఉపాధ్యాయుడు ఒక్క వాక్యంతో ఒక తరానికి దాని ఊరిని లేకుండా చేయగలడు. మల్లాంలో వాడి కూతురు శాసనం మీద వేలు పెట్టి, "దీన్ని నాన్నకు ఎందుకు చూపించలేదు తాతయ్యా?" అని అడిగింది. వాడు నవ్వి మాట మార్చాడు. నేను మార్చలేదు. నాకు తెలియదమ్మా అని చెప్పాను.

మిత్రులారా, మీ మీ జిల్లాలలో కూడా ఒక దొరవారిసత్రం ఉండి తీరుతుంది. నాలుగు బాటలు కలిసే చిన్న ఊరు, పెద్ద బండ్లు ఆగని స్టేషను. పిల్లలతో ఒకసారి అక్కడ దిగి చూడండి. దోమతెర మాత్రం మరువకండి.