కోత పెట్టకముందే నొప్పికి మందు

ఛాతీ జబ్బు అనగానే మన డెల్టాలో పెద్దలకు రాజమండ్రి విశ్రాంతిపురం క్షయ శానిటోరియమే గుర్తొస్తుంది. ఇప్పుడు ఊపిరితిత్తుల ఆపరేషన్ అంటే కాకినాడ, విశాఖ, వేలూరు వెళ్తున్నాం. ఎక్కడికి వెళ్లినా మంచం పక్కన వినబడే మాట మాత్రం ఒకటే: "ఓర్చుకో, రెండ్రోజుల్లో అదే తగ్గిపోద్ది."

అన్నిసార్లూ తగ్గదండీ. ప్రతి ప్రక్కటెముక కింది అంచున ఒక నరం ఉంటుంది. ఎముకల మధ్య ఎడం చేసినప్పుడు అది నలుగుతుంది. రోగి మత్తులో ఉన్నా ఆ నరం నుంచి కబుర్లు వెన్నుపాముకు చేరుతూనే ఉంటాయి. దాంతో వెన్నుపాము రెచ్చిపోయి, తర్వాత చిన్న తాకిడిని కూడా పెద్ద నొప్పిగా పంపుతుంది. అందుకే కోతకు ముందే ఆ దారి మూయాలని 1988లో పాట్రిక్ వాల్ అనే శాస్త్రవేత్త వాదించారు.

నొప్పికి భయపడి రోగి దగ్గడు. దగ్గకపోతే కఫం నిలిచి న్యుమోనియా వస్తుంది. ఇక కొందరికి నెలలు గడిచినా మంట, తిమ్మిరి పోవు. చొక్కా తగిలినా ఉలిక్కిపడతారు. చాలా పరిశీలనల్లో వీరు మూడో వంతుకు పైనే.

ముందు మందు అంటే ఒక మాత్ర మింగడం అనుకోకండి. గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ మాత్రల మీద ఒకప్పుడు చాలా ఆశ ఉండేది. 2020లో వచ్చిన పెద్ద సమీక్షలో వాటి మేలు చెప్పుకోదగ్గంత లేదనీ, తల తిరగడం మాత్రం ఎక్కువనీ తేలింది. నా ఓటు ఎపిడ్యూరల్‌కు, లేదా వెన్ను పక్కన ఇచ్చే బ్లాక్‌కు. కోతకు ముందే మొదలుపెట్టిన ఎపిడ్యూరల్ తొలి రోజుల నొప్పిని తగ్గిస్తుంది. నెలల తరబడి ఉండే నొప్పిని ఆపుతుందని మాత్రం రుజువు కాలేదు. ఆపరేషన్ తర్వాత కూడా కొన్ని రోజులు కొనసాగిస్తేనే ప్రయోజనం.

బాధ దేవుడిచ్చిందే, భరించాలి అనే విశ్వాసులూ ఉన్నారు. 1847లో క్లోరోఫాంను ఇలాగే తప్పుపట్టినప్పుడు డాక్టర్ జేమ్స్ సింప్సన్ ఆదికాండము 2:21 తెరిచి చూపించారు. ఆదాముకు గాఢనిద్ర ముందు కలిగింది, ప్రక్కటెముక తీయడం ఆ తర్వాతే!

కాబట్టి మొహమాటపడకండి. ఆపరేషన్‌కు ముందు రోజే మత్తు డాక్టరు గారిని అడగండి: కోతకు ముందు నొప్పికి ఏం ఇస్తారు, తర్వాత ఎన్ని రోజులు ఇస్తారు? రక్తం పలచబరిచే మాత్రలు వాడుతుంటే ఆ సంగతి ఇంకా ముందే చెప్పాలి. వాటిని ఎన్నాళ్ల ముందు ఆపాలో డాక్టరే చెబుతారు. మీ అంతట మీరు ఆపవద్దు.