డబ్బా పొడితో క్యాన్సర్ ఆగదు

బళ్లారి, కోలారు, హోసూరు వైపు తెలుగు ఇళ్లకు ‘డీటాక్స్’ డబ్బా కొత్త చుట్టంలా వచ్చి చేరుతోంది. పరగడుపున రెండు చెంచాలు కలుపుకుని తాగితే ఒంట్లో విషమంతా పోతుందట, క్యాన్సర్ దరి చేరదట! అమ్మేది చాలాసార్లు బంధువో, పక్కింటివారో. సొంత భాషలో, సొంతవాళ్లు చెప్పేసరికి కాదనలేక కొనేస్తున్నారు. చిక్కంతా ఇక్కడే ఉంది.

ఒంట్లోని వ్యర్థాలను బయటికి పంపే పని కాలేయం, కిడ్నీలు చూసుకుంటాయి. అవి దెబ్బతింటే వైద్యం చేయించాలి గానీ పొడి బాగు చేయదు. పైగా గ్రీన్ టీ సారంతో చేసిన మాత్రలు వాడి కాలేయం పాడైనవారూ ఉన్నారు.

ఇక క్యాన్సర్ సంగతి. క్యారెట్‌లో ఉండే బీటా కెరోటిన్‌ను మాత్రగా ఇస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గుతుందని ఒకప్పుడు శాస్త్రవేత్తలే ఆశపడ్డారు. ఫిన్లాండ్‌లో పొగతాగే మగవారిని 29 వేల మందికి పైగా తీసుకుని పరీక్షించారు. 1994లో ఫలితం వచ్చింది. ఆ మాత్ర మింగినవారిలో క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం ఎక్కువగా కనిపించింది. విటమిన్-ఇ మాత్రలదీ అదే కథ. వాటిని వాడినవారిలో ప్రొస్టేట్ క్యాన్సర్ 17 శాతం పెరిగిందని 2011లో అమెరికా పరిశోధన తేల్చింది. కూరలో మేలు చేసేది మాత్రలోనూ మేలు చేస్తుందన్న గ్యారంటీ లేదు.

క్యాన్సర్‌ను నయం చేస్తుందని, రాకుండా ఆపుతుందని మందులకు ప్రచారం చేయడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం. కరపత్రం వేసినా, నోటితో చాటినా ఒకటే. ఇలాంటి డబ్బాల మీద ‘మందుగా వాడటానికి కాదు’ అని ముద్రించాలన్న నిబంధనా ఉంది. అది ఇంగ్లీషులో ఉంటే ఇంట్లో ముసలివాళ్లకు చదివి చెప్పేదెవరు?

గుట్కా, బీడీ మానడం క్యాన్సర్‌కు నిజమైన అడ్డుకట్ట. మానని నోటి పుండు, రొమ్ములో గడ్డ కనిపిస్తే బెంగళూరులో కిద్వాయ్, చెన్నైలో అడయార్ ఆస్పత్రులున్నాయి. ‘ఈ డబ్బా అయ్యేదాకా చూద్దాం’ అని ఆగిన నెలలే ప్రాణం మీదికి తెస్తాయి. ఉగాదికి పందిళ్లు వేసే తెలుగు సంఘాలు ఈసారి అక్కడే ఒక క్యాన్సర్ పరీక్షల శిబిరం కూడా పెట్టిస్తే, ఆ డబ్బాల కన్నా వెయ్యి రెట్లు మేలు.