వ్యాన్‌కు తాళం ఒక్కటే చాలదు

కడప జిల్లా ఉప రవాణా కమిషనర్ గారికి,

పులివెందుల అరటి, చీనీ కాయలు, ప్రొద్దుటూరు బట్టల మూటలు మోసే మినీ వ్యాన్లు చాలావరకు రాత్రిళ్లు వీధిలోనే ఉంటాయి. జమ్మలమడుగులోనూ అంతే. దొంగ స్టీరింగ్ కింద వైర్లు కలిపితే పాత బండి కదిలిపోతుంది. ఇమ్మొబిలైజర్ అనే పరికరం ఉంటే తాళంచెవిలోని చిప్ కోడ్‌ను ఇంజిన్ కంప్యూటర్ సరిచూస్తుంది. కలవకపోతే ఇంధనం అందదు, ఇంజిన్ స్టార్ట్ కాదు. బ్రిటన్‌లో 1998 నుంచి కొత్త కార్లకు ఇది తప్పనిసరి.

బండి పోయినా ఫైనాన్స్ వాయిదాలు ఆగవు. యజమాని కుటుంబం రోడ్డున పడుతుంది. దయచేసి ఫిట్‌నెస్ పరీక్షకు వచ్చే ప్రతి వ్యాన్ యజమానికీ ఇమ్మొబిలైజర్ గురించి చెప్పించండి. కొత్త సరుకు వాహనాలన్నిటికీ దాన్ని తప్పనిసరి చేయాలని ప్రభుత్వానికి సిఫారసు చేయండి.

ఇట్లు,
ఒక వ్యాన్ యజమాని, ప్రొద్దుటూరు