సముద్రముపై గంటల లెక్క

లండన్ నగరపు హీత్రో విమానాశ్రయమునకును, న్యూయార్కునందలి కెనెడీ విమానాశ్రయమునకును నడుమ భూగోళముపై మిక్కిలి దగ్గరిదారి ఇంచుమించు 5,540 కిలోమీటర్లు. పోకకును రాకకును దూరమొక్కటియే యైనను కాలము మాత్రము వేరు. పడమటికి పోవునపుడు దాదాపు ఎనిమిది గంటలు పట్టు ప్రయాణము, తూర్పునకు మరలునపుడు ఏడుగంటలలోపుననే ముగియుచుండును. అట్లాంటిక్ మహాసముద్రముపై పది కిలోమీటర్ల యెత్తున పడమటినుండి తూర్పునకు నదీప్రవాహమువలె పరుగిడు గాలియే ఇందులకు కారణము. 2020 ఫిబ్రవరిలో తుపాను వేళ ఆ గాలి విజృంభింపగా, ఒక జంబోజెట్టు న్యూయార్కునుండి ఐదుగంటలకు నాలుగు నిమిషములు తక్కువలోనే లండన్ చేరినది.

కావుననే అక్కడి విమానములకు నిత్యమును ఒకే బాట యుండదు. పగటివేళ పడమటికి సాగు విమానముల దారులను స్కాట్లండునందలి ప్రెస్ట్‌విక్ విమాననియంత్రణ కేంద్రమువారును, రాత్రివేళ తూర్పునకు వచ్చువాని దారులను న్యూఫౌండ్లండునందలి గాండర్ కేంద్రమువారును, గాలి పోకడను పరికించి ఏనాటి కానాడు నిర్ణయింతురు. మన టిక్కెట్టుపై అచ్చుపడిన వేళ వెనుక ఇంతటి శ్రమ దాగియున్నది.

1958 అక్టోబరులో బ్రిటిషువారి కామెట్ జెట్టు తొలిసారి ప్రయాణికులతో న్యూయార్కునుండి లండన్‌కు వచ్చినపుడు ఆరుగంటల పైచిలుకు పట్టినది. నేటి లెక్కయు దాదాపు అంతియే. దీనిని చూపి విమానశాస్త్రము ఆగిపోయినదని వగచువారితో నేను ఏకీభవింపజాలను. ధ్వనివేగమునకు రెట్టింపు వేగముతో కాంకార్డు విమానము ఈ సముద్రమును మూడున్నర గంటలలో దాటెడిది, 1996లో నొకమారు మూడుగంటలలోపుననే దాటినది. కాని అందు నూరుమందికి మాత్రమే చోటు, ఇంధనవ్యయము అపారము, టిక్కెట్టు ధర ధనవంతులకే అందునది. 2003లో అది విరమించినది. 1970లో ఇదే దారిని మొదలైన జంబోజెట్టులో, మూడువందలకు మించిన జనులు ఒక్కసారిగా సముద్రము దాటిరి. అట్టి విశాలవిమానములు విమానాశ్రయములు కిటకిటలాడునట్లు సామాన్యులను మోయుచుండుటయే నా దృష్టిలో అభివృద్ధి.

ధ్వనివేగమును మించు విమానములను మరల నిర్మింప అమెరికాలో యత్నములు సాగుచున్నవి. కాని అందులకు ముందు చేయవలసిన పని వేరొకటి కలదు. హైదరాబాదు శంషాబాదు విమానాశ్రయమునుండి అమెరికాలోని బిడ్డలను చూడబోవు వృద్ధులకు, ఆకాశమున గడుపు గంటలకంటె, లండన్‌లోనో దుబాయిలోనో దోహాలోనో విమానము మారుటకై కుర్చీలలో కూలబడి గడుపు గంటలే దుర్భరములు. మోకాళ్ల నొప్పితో, పరాయిభాష నడుమ, తెరమీద మారు గేటు సంఖ్యను వారు ఎవరి నడిగి తెలిసికొందురు? హైదరాబాదునుండి అమెరికాకు నేరుగా పోవు సర్వీసులు నడుపుటయు, అవి కుదరనిచోట మూడునాలుగు గంటలకు మించి వేచియుండ నవసరములేనట్లు వేళలు పొందించుటయు, గేటువరకు వృద్ధులను వెంటనుండి చేర్చు మనుష్యులను నియమించుటయు విమానసంస్థలు వెంటనే చేపట్టవలసిన కర్తవ్యములు.