సహాయ కార్యదర్శి

డబ్లిన్ నగరంలోని సెయింట్ స్టీఫెన్స్ గ్రీన్ ఉద్యానవనం ఈశాన్య మూలన, నిలువెత్తు రాతిస్తంభాల ముందు ఒక కంచు విగ్రహం ఉంది. ఎడ్వర్డ్ డెలానీ చెక్కిన ఆ విగ్రహాన్ని 1967లో నెలకొల్పారు. 1971లో బ్రిటిష్ అనుకూల తీవ్రవాదులు బాంబు పెట్టి కూల్చారు. మళ్లీ నిలబెట్టారు. అది వుల్ఫ్ టోన్ విగ్రహం. 1798 తిరుగుబాటులో పట్టుబడి, మరణశిక్ష పడి, చెరసాలలోనే మరణించిన ఐర్లండ్ విప్లవ నాయకుడాయన.

ఆయన చేసిన ఒక చిన్న కొలువును మా పాఠకుల దృష్టికి తేదలచాము.

టోన్ ప్రొటెస్టెంటు. అధికారం, భూమి, న్యాయస్థానం ఆ మతస్థులవే. కాథలిక్కులకు ఓటు లేదు, పార్లమెంటులో చోటు లేదు. సంఖ్యలో వారే అధికులు కనుక మన స్థితితో పోలిక పూర్తిగా కుదరదు. అయినా సొంత గడ్డపై పరాయిగా బతకడమంటే ఏమిటో మనకొకరు చెప్పనక్కరలేదు. కాథలిక్కులకు హక్కులు దక్కనిదే ఐర్లండ్‌కు స్వేచ్ఛ లేదని 1791లో టోన్ సాటి ప్రొటెస్టెంట్లకు కరపత్రం రాశాడు. అందులో జాలి లేదు, లెక్క ఉంది.

మరుసటి ఏడాది కాథలిక్ కమిటీ ఆయనను జీతమిచ్చి సహాయ కార్యదర్శిగా నియమించుకుంది. అంతకుముందు ఆ కమిటీని నడిపిన భూస్వాములు విధేయత ప్రకటించి, పెట్టినంత పుచ్చుకునేవారు. జాన్ కియో వంటి వర్తకులు అది చాలదన్నారు. 1792 డిసెంబరులో దేశం నలుమూలల నుంచి ఎన్నికైన ప్రతినిధులు డబ్లిన్‌లో సమావేశమై, స్థానిక పాలకులను దాటి విన్నపాన్ని నేరుగా లండన్‌లో రాజుకు సమర్పించారు. మాట ప్రతినిధులది. టోన్ వారి వెంట వెళ్లిన ఉద్యోగి. 1793లో ఆస్తి అర్హతతో ఓటు దక్కింది. పార్లమెంటు తలుపు తెరుచుకోవడానికి 1829 దాకా ఆగవలసి వచ్చింది.

మనకు హితైషులు తక్కువేమీ కాదు. వేదికపై మన తరఫున మాట్లాడేవారే అందరూ. మన పక్కన కూర్చుని, మనం చెప్పింది రాసిపెట్టేవారు అరుదు. అందుకు వారినే తప్పుపట్టలేము. ఇఫ్తార్ విందుకు పిలుపందితే చాలని మురిసే పెద్దలు మనలోనూ ఉన్నారు. మన పేరిట వినతిపత్రాలిచ్చే సంఘాలలో ఎన్ని మొహల్లా ఓటుతో ఏర్పడ్డాయి? వాటిలో స్త్రీల మాటకు చోటెంత? (ఆ డబ్లిన్ సభలోనూ స్త్రీలు లేరు.) తదుపరి వినతిపత్రంపై సంతకాలు చేసేముందు, సంతకం చేసేవారిని ఎన్నుకోవాలని మేము కోరుతున్నాము.